అర్థం ఎవరికీ తెలియని తంతు ఎందుకు ఆగదు?

మొహర్రం దగ్గర పడిందంటే ప్రతి ఏడూ ఫోన్లలో అదే వాదన. ఒకరు రంగుల బొమ్మ పెట్టి ‘పీర్ల పండుగ శుభాకాంక్షలు’ అంటారు. ఇది ఇమామ్ హుసేన్ అమరుడైన రోజు, సంతాప దినానికి శుభాకాంక్షలేమిటని ఇంకొకరు అడుగుతారు. పీర్లను నిలబెట్టి మొక్కడం అసలు ఇస్లాంలోనే లేదని మూడో మనిషి అంటాడు. మా ఊళ్లో పీరును ఎత్తేదే మా ఇంటివాళ్లు, మేం హిందువులం, మాకు చెప్పొద్దని నాలుగో మనిషి లేస్తాడు.

నలుగురి మాటలోనూ నిజం ఉంది. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ప్రవక్త మనవడు హుసేన్‌ను, ఆయన వెంట ఉన్నవాళ్లను యజీద్ సైన్యం చంపింది. మొహర్రం నెల పదో రోజున ఆ మరణాన్ని తలచుకుని షియా ముస్లింలు నల్లబట్టలు కట్టి గుండెలు బాదుకుంటారు. హైదరాబాద్ పాతబస్తీలో డబీర్‌పురా నుంచి బయలుదేరే బీబీ కా ఆలం (ఆలం అంటే పీరు) ఊరేగింపు నిండా ఆ దుఃఖమే. సున్నీ పండితుల్లో చాలామంది ఆ రోజు ఉపవాసం మంచిదంటారు కానీ ఆలాలు ఎత్తడాన్ని ఒప్పుకోరు. ఇక నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పీర్ల చావిడి ముందు గుండం తవ్వి, పీర్లకు రంగురంగుల దట్టీలు కట్టి, కుడుకల దండలు వేసి, ఊదు వేసి, మలీద పంచి, డప్పుల మీద గుండం చుట్టూ ఆడతారు. ఒక్క ముస్లిం కుటుంబం లేని ఊళ్లలో కూడా పీర్లు లేస్తాయి. సంతానం కోసమో రోగం తగ్గాలనో మొక్కుకున్న కురుమ ఇల్లాలికి కర్బలా ఏ దేశంలో ఉందో తెలియకపోవచ్చు. తెలియనందువల్ల ఆమె మొక్కు ఆగదు.

ఒకే తంతు ఒకరికి దుఃఖం, ఒకరికి మొక్కు, ఒకరికి ఆట, ఒకరికి తప్పు. అర్థం మీద ఇంత తేడా ఉన్నా అది వందల ఏళ్లు నడిచిందంటే, తంతును నడిపేది అర్థం ఒక్కటే అయి ఉండదు. మరి ఏది నడుపుతోంది? మనుషుల సమాజాలను చదివిన పండితులు నూరేళ్లకు పైగా దీని మీద తలపడుతున్నారు. వాళ్ల వాదనలను మన ఊళ్ల పక్కన పెట్టి చూస్తే కొంత చిక్కు విడుతుంది, కొంత కొత్త చిక్కు పడుతుంది.

వంటకూ బోనానికీ తేడా ఎక్కడ

బియ్యం వండితే అది వంట. అదే బియ్యం కడిగిన కొత్త కుండలో వండి, కుండకు పసుపు కుంకుమ పెట్టి, వేపకొమ్మ చుట్టి, పైన దీపం వెలిగించి, స్నానం చేసిన ఆడమనిషి తల మీద పెట్టుకుని పోచమ్మ గుడికి నడిస్తే అది బోనం. అన్నంలో తేడా లేదు. ఎవరు, ఎప్పుడు, ఏ వరుసలో, ఎవరి ముందు చేయాలన్నది ముందే ఖాయమై ఉండటంలో తేడా ఉంది. ఆకలి తీరడానికి దీపం అవసరం లేదు, వేపకొమ్మ అవసరం లేదు. పని జరగడానికి అవసరం లేని ఈ క్రమమే ముఖ్యమయ్యే చోట దాన్ని తంతు అంటున్నాం.

తంతుకు జనం, భోజనాలు, కొత్తబట్టలు తోడైతే వేడుక. ‘మా ఇంట్లో ఇట్లనే చేస్తాం’ అన్నది ఆచారం. ‘గ్రంథంలో ఇట్ల ఉంది’ అన్నది శాస్త్రం. ఇళ్లలో వచ్చే సగం గొడవలు ఈ రెండింటిని కలిపేసుకోవడం వల్లే వస్తాయి. పెళ్లిలో పంతులు శాస్త్రం చెప్తుంటే మేనత్త ఆచారం చెప్తుంది. చివరికి మేనత్త మాటే చెల్లుతుందని పెళ్లిళ్లు చూసినవాళ్లందరికీ తెలుసు.

తంతుకు దేవుడు ఉండాలని కూడా లేదు. జెండా ఎగరేయడం, కోర్టులో జడ్జి లోపలికి రాగానే లేచి నిలబడటం, శాసనసభలో ప్రమాణం చేయడం అన్నీ ఈ కోవలోవే. ప్రమాణం దైవసాక్షిగా చేయాలా, దేవుడి పేరు లేకుండానా అన్నది సభ్యుడి ఇష్టానికి వదిలిన రాజ్యాంగం, అసలు ప్రమాణమే వద్దనే ఇష్టాన్ని మాత్రం ఇవ్వలేదు.

ఒక దశ నుంచి ఇంకో దశకు దాటించడం

ఫ్రాన్స్‌కు చెందిన ఆర్నాల్డ్ వాన్ జెనెప్ 1909లో ఒక సంగతి గమనించాడు. పుట్టుక, ఈడు రావడం, పెళ్లి, చావు వంటి మలుపుల దగ్గర ప్రపంచమంతటా జరిగే తంతుల్లో పైపై రూపాలు వేరైనా లోపలి వరుస ఒకటే. ముందు మనిషిని పాత చోటు నుంచి విడదీస్తారు. తర్వాత ఇటూ కాని అటూ కాని స్థితిలో కొన్ని రోజులు ఉంచుతారు. చివరికి కొత్త స్థానంలోకి తీసుకుంటారు. నడిమి దశ మీద తరువాతి కాలంలో మానవశాస్త్ర పండితుడు విక్టర్ టర్నర్ ఎక్కువ పని చేశాడు.

మన వైపు పురుడు చూడండి. కాన్పు అయిన రోజు నుంచి ఆ ఇంటికి పురుడు. బాలింతకు వేరే గది, వేరే తిండి, గడప దాటొద్దు. ఇంటివాళ్లు గుడికి పోరు. ఇరవై ఒకటో రోజున తల్లికి, బిడ్డకు స్నానం చేయించి, బాలింతను బావి దగ్గరికి తీసుకుపోయి, బావికి పసుపు కుంకుమ పెట్టించి నీళ్లు చేదిస్తారు. ఆ రోజే బిడ్డను తొట్లెలో వేసి పేరు పెడతారు. ఇప్పుడు చేదబావులు పూడిపోయాయి కాబట్టి బోరింగుకో నల్లాకో పసుపు రాస్తున్నారు. బావి పోయినా తంతు పోలేదు. ఎందుకంటే అక్కడ జరిగే పని నీళ్లు తోడటం కన్నా పెద్దది. ఈ ఆడమనిషి మళ్లీ అందరితో కలిసి ఇంటి పని, ఊరి పని చేస్తుంది, ఈ బిడ్డకు ఒక పేరుంది, ఫలానా వాళ్ల బిడ్డ అని అందరి ముందు చెప్పడం. ముస్లింలు ఏడో రోజున చేసే అకీకాలో బిడ్డ తల వెంట్రుకలు తీసి వాటి ఎత్తు వెండిని దానం చేయడం, మేక కోసి పంచడం ఇదే పని చేస్తాయి.

చావు దగ్గర ఈ మూడు దశలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. పాడె లేచిన క్షణం నుంచి ఇంటికి ముట్టు. మూడో రోజు పిట్టకు పెడతారు. పది, పదకొండు రోజులకు దినాలు. చుట్టాలు వచ్చి కొడుకులకు కండువాలు కప్పుతారు, బట్టలు పెడతారు. దినాలయ్యాక దగ్గరి చుట్టాలు వాళ్లను తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి నిద్ర చేయిస్తారు. దుఃఖంలో ఉన్నవాళ్లను వేలు పట్టుకుని మళ్లీ లోకంలోకి నడిపించే ఏర్పాటు ఇది. యూదుల ఇళ్లలో ఏడు రోజులు ఇంట్లోనే కిందగా కూర్చుని ఉంటారు, ఖననం తర్వాత మొదటి భోజనం ఇరుగుపొరుగు తెచ్చి పెట్టాలి. ముస్లింల ఇళ్లలో మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహ్లుం. జపాన్ బౌద్ధుల్లో నలభై తొమ్మిది రోజులు. లెక్క మారుతుంది, దుఃఖానికి గడువు పెట్టాలన్న ఆలోచన మారదు.

ఇక్కడ ఒక సంగతి మీద నిలబడి చూడాలి. చనిపోయినాయన కొడుకుకు మూడో దశ ఉంది, తలకు కండువా చుట్టగానే ఆయన ఇంటి పెద్ద అయ్యాడు. మరి భార్యకు? పదో రోజున గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, మట్టెలు తీసి ఆమెను పాత స్థానం నుంచి విడదీస్తారు. ఆ తర్వాత ఆమెను తీసుకునే కొత్త స్థానం ఏదీ లేదు. శుభకార్యాల్లో వెనక నిలబడాలి, పెళ్లికూతురికి పసుపు రాయకూడదు. వాన్ జెనెప్ లెక్కలో చెప్పాలంటే ఆమెను నడిమి దశలోనే వదిలేశారు. ఇస్లాంలో భర్త పోయిన ఆడమనిషికి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. ఆ కాలంలో కట్టుబాట్లు గట్టివే, కానీ దానికి ముగింపు ఉంది, తర్వాత మళ్లీ నిఖా చేసుకోవచ్చు. విధవ తంతును ఎత్తేయాలనే వాళ్లు సంప్రదాయాన్నే కాదంటున్నారని అనిపించవచ్చు. నాకైతే ఆ తంతు సగంలో ఆగిపోయిందనిపిస్తుంది. అసలు గుణం ప్రకారం చూసినా అది లోపమే.

బోరు బండి ముందు కొబ్బరికాయ

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్ర పండితుడు పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి అక్కడి జాలరులను గమనించాడు. గాలి, అలలు లేని లోపలి మడుగులో చేపలు పట్టేటప్పుడు వాళ్లకు ఏ తంతూ లేదు. నడిసముద్రంలోకి పోయేటప్పుడు మాత్రం పడవకు, వలకు రకరకాల మంత్రాలు, నియమాలు. చేతిలో ఉన్న పనికి నేర్పు చాలు, చేతిలో లేని పనికి తంతు తోడు కావాలని ఆయన తేల్చాడు.

ఈ మాట నల్లగొండ రైతుకు విడమరిచి చెప్పనక్కరలేదు. నాగలి దున్నడానికో మందు కొట్టడానికో ప్రతిసారీ పూజ చేయడు. బోరు బండి పొలంలోకి వచ్చినప్పుడు మాత్రం చోటు చూసే మనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు, కాయ నిలబడిన చోట గుర్తు పెడతారు, పసుపు కుంకుమ వేసి కాయ కొడతారు. కింద నల్లరాయి. నీళ్లు పడతాయో దుమ్మే లేస్తుందో యంత్రానికీ తెలియదు, అప్పు మాత్రం ముందే తెచ్చి ఉంటుంది. కొత్త లారీ, కొత్త కారు కొన్నవాళ్లు శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్ దగ్గరి మైసిగండి మైసమ్మ ముందు బండి ఆపేది కూడా ఈ లెక్కే. ఇంట్లో కొత్త మిక్సీ కొంటే ఎవరూ అంత దూరం పోరు.

దీనికి ఎదురు వాదన కూడా అంతే బలమైనది. 1939లో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే ఇంగ్లిష్ పండితుడు మాలినోవ్‌స్కీ మాటను తిరగేశాడు. భయం ఉండి తంతు పుడుతుందా, తంతు ఉండబట్టి భయం పుడుతుందా అని అడిగాడు. తంతు లేని సమాజంలో మనిషి నిశ్చింతగానే ఉంటాడు. తంతు ఉన్నచోట అది చేయకపోతే ఏమవుతుందోనని టెన్షన్ మొదలవుతుంది. బండి కొని మైసమ్మ దగ్గరికి పోకుండా ఉన్నాయనను అడగండి. మొదటి నెలలో టైరు పంచరైనా ఇంట్లో అందరూ ఒకటే మాట అంటారు. రెండు వాదనల్లో ఒకటే గెలవాలని లేదు. బోరు విషయంలో మాలినోవ్‌స్కీ, బండి విషయంలో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ దగ్గరగా ఉన్నట్టు నాకనిపిస్తుంది.

నిప్పుల గుండం, గుండె వేగం

ఒక్కడుగా చేసే మొక్కుకూ వేలమంది కలిసి చేసే జాతరకూ ఒకే వివరణ సరిపోదు. 1912లో ఫ్రెంచ్ సమాజశాస్త్ర పండితుడు ఎమిల్ దుర్కెమ్ చెప్పిందేమిటంటే, జనం ఒక చోట చేరి ఒకే లయలో కదిలినప్పుడు, ఒకే కేక వేసినప్పుడు ఒక ఉద్రేకం పుడుతుంది, ఆ శక్తి తమకన్నా పెద్దదని ప్రతి మనిషికీ అనుభవమవుతుంది. దేవుడు అని వాళ్లు పిలిచేది ఆ సమూహ శక్తినే అనేంత వరకు ఆయన పోయాడు. భక్తుడు ఈ చివరి మాట ఒప్పుకోడు. ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. మొదటి సగం మాత్రం సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు ఎక్కినవాళ్లెవరూ కాదనలేరు. రెండేళ్లకోసారి మాఘంలో జరిగే లింగమంతుల స్వామి జాతరకు యాదవులు గజ్జెల లాగులు తొడుక్కుని, భేరీలు కొడుతూ, ‘ఓ లింగా’ అని కేక వేస్తూ గట్టెక్కుతారు. 2025 ఫిబ్రవరిలో జరిగినప్పుడూ, అంతకు ముందూ హైదరాబాద్–విజయవాడ హైవేను మళ్లించాల్సి వచ్చింది. అదే గట్టు మీద లింగమంతుల స్వామికి శాకాహార నైవేద్యం, చౌడమ్మకు యాటలు. ఒకే మనిషి ఒకే రోజు రెండూ ఇస్తాడు, తేడా అతన్ని ఇబ్బంది పెట్టదు.

దుర్కెమ్ మాటకు కొలత దొరికింది ఈ మధ్యనే. స్పెయిన్‌లో సాన్ పెద్రో మాన్రికే అనే పల్లెలో ఏటా జూన్‌లో నిప్పుల మీద నడుస్తారు, ఒక్కోసారి వీపు మీద మనిషిని ఎక్కించుకుని కూడా. నడిచేవాళ్లకూ చూసేవాళ్లకూ గుండె వేగం కొలిచే పరికరాలు కట్టిన పరిశోధకులు 2011లో ఫలితాలు ప్రచురించారు. నడిచేవాడి గుండె, గట్టు మీద కూర్చుని చూస్తున్న అతని చుట్టాల, స్నేహితుల గుండె ఒకే తీరులో ఎగసి దిగాయి. చూడటానికి వచ్చిన పరాయివాళ్ల గుండెల్లో ఆ తీరు లేదు. చూడటం కూడా చేయడమే, కాకపోతే తనవాళ్లకే. నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు జడల రామలింగేశ్వరుడి బ్రహ్మోత్సవాల్లో అగ్నిగుండాలు తొక్కేటప్పుడు అవతలి గట్టు మీద కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ తల్లిని చూసినవాళ్లకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

ఎవరి చోటు ఎక్కడ: ఉద్దాలు, ఐరేని కుండలు

తంతు కలుపుతుందని చెప్పి ఆగిపోతే సగమే చెప్పినట్టు. ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా అదే చెప్తుంది.

మన పెళ్లిళ్లలో ఐరేని కుండలు కుమ్మరి ఇంటి నుంచి రావాలి. గోళ్లు తీయడం మంగలి పని. మైలబట్టలు చాకలికి. డప్పు మాదిగది. ఇది ఊరంతా పంచుకునే వేడుక అని ఒకరంటారు, ఆ రోజు ప్రతి కులానికీ ఒక పాత్ర, ఒక మర్యాద, కొంత కట్నం ఉన్నాయి. ఇది కులాన్ని ఏటా మళ్లీ మళ్లీ గుర్తు చేసే ఏర్పాటు అని ఇంకొకరంటారు, పాత్ర ఎంచుకునే వీలు ఎవరికీ లేదు.

ఈ రెండు మాటలూ ఢీకొనే చోటు కురుమూర్తి. మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలో, అమ్మాపూర్ దగ్గరి గుట్టల్లో ఉన్న కురుమూర్తి స్వామికి దీపావళి తర్వాత బ్రహ్మోత్సవాలు. వాటిలో అన్నిటికన్నా జనం చేరేది ఉద్దాల రోజున. ఉద్దాలంటే స్వామి పాదుకలు. వాటిని చిన్నవడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాల వాళ్లు ఉపవాసాలుండి నియమంగా తయారు చేస్తారు, అక్కడి నుంచి ఊరేగింపుగా గుట్టకు తెస్తారు. తోలు పని చేసే చేతులను ముట్టుకోని సమాజం ఆ రోజు ఆ చేతులు చేసిన చెప్పులను కళ్లకద్దుకుంటుంది, తలకు తాకించుకుంటుంది.

దీన్ని ఎట్లా చదవాలి? టర్నర్ అయితే హెచ్చుతగ్గులు కరిగిపోయే నడిమి కాలం అంటాడు. మాక్స్ గ్లక్‌మన్ అనే ఇంకో మానవశాస్త్ర పండితుడు అయితే వేరేగా అంటాడు. ఆఫ్రికాలో జూలూల వంటి జాతుల తంతుల్లో ఏడాదికోసారి పెద్దలను తిట్టే, ఆడవాళ్లు మగవేషం వేసే రోజులను ఆయన చదివాడు. ఒక రోజు తలకిందులు చేస్తే మిగతా ఏడాది ఎవరి చోట వాళ్లుంటారు అన్నది ఆయన వివరణ. అంటే ఒక రోజు గౌరవం మిగతా రోజుల అగౌరవానికి పరిహారం. దళిత మేధావుల్లోనూ రెండు అభిప్రాయాలున్నాయి. ఇది మా హక్కు, గుడిలో మా వాటాకు సాక్ష్యం అనేవాళ్లున్నారు, చెప్పులు కుట్టే పనికే మమ్మల్ని కట్టేసే తీయటి తాడు అనేవాళ్లున్నారు. ఆ కుటుంబాల పిల్లలు ఉద్యోగాలకు పోయాక కూడా ఉద్దాల సమయానికి ఊరికి వచ్చి ఉపవాసం ఉంటే దాన్ని బలవంతం అనడం కష్టం. ఇంకో పని దొరకని రోజుల్లో దాన్ని ఇష్టం అనడమూ అంతే కష్టం.

కొన్ని తంతుల్లో ఈ తూకానికి చోటే లేదు. పాలమూరు ప్రాంతంలో దళిత ఆడపిల్లలను ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చి పెళ్లి చేసి జోగినిగా మార్చే ఆచారంలో దాటించడం ఉంది, ఊరు ముందు జరగడం ఉంది, వేడుక ఉంది. పైన చెప్పుకున్న గుణాలన్నీ ఉన్నాయి. ఆ పిల్ల బతుకును ఊరి పెద్దల పాలు చేయడమూ ఉంది. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని చట్టం చేసి నిషేధించారు. తంతు బాగా పని చేస్తుందంటే మంచి పనే చేస్తుందని కాదు.

మాట అనగానే పని అయిపోయే చోటు

పెళ్లి ఎప్పుడు జరిగినట్టు? కార్డు పంచినప్పుడా, పుస్తె కట్టినప్పుడా, రిజిస్టర్ చేసినప్పుడా? 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చాలామందిని గందరగోళపరిచింది. ఇద్దరు పైలట్లు ఏ తంతూ లేకుండా సర్టిఫికెట్లు తెచ్చుకుని పెళ్లి నమోదు చేసుకున్నారు, తర్వాత గొడవపడ్డారు. తంతు జరగలేదు కాబట్టి అసలు పెళ్లే కాలేదని కోర్టు చెప్పింది. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఏ ఒక్కరి వైపు ఆచారం ప్రకారమైనా తంతు జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుంది. ఏడడుగులు లేని ఆచారాలు కూడా చెల్లుతాయి. నమోదు అనేది జరిగిన పెళ్లికి రుజువు మాత్రమే.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. దేవరకొండ అబ్బాయి, వనపర్తి అమ్మాయి, ఇద్దరూ హిందువులు, గుడిలో పెద్దల ముందు పుస్తె కట్టే తంతు జరిగింది, రిజిస్టర్ మాత్రం చేయించలేదు. వాళ్ల ఆచారంలో పుస్తె కట్టడమే పెళ్లి అయితే ఆ పెళ్లి చెల్లుతుంది, కోర్టులో నిరూపించడానికి ఫొటోలూ సాక్షులూ వెతుక్కోవాలి, అంతే. వాళ్లే ఏమీ చేయకుండా హిందూ వివాహ చట్టం కింద కాగితం మాత్రం తెచ్చుకుంటే కాగితం ఉంది, పెళ్లి లేదు. తంతు వద్దనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పోవాలి. అక్కడైనా తంతు తప్పుతుందా? ఆ చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం రిజిస్ట్రార్ ముందు, ముగ్గురు సాక్షుల ముందు ఒకరితో ఒకరు నిన్ను చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నానని నోటితో అనాలి. పంతులు లేడు, అగ్ని లేదు, ఆ ఒక్క వాక్యం మాత్రం ఉండి తీరాలి. నిఖాలో ప్రతిపాదన, ఒప్పుకోలు, సాక్షులు, చర్చిలో వాగ్దానం కూడా ఇట్లాంటివే.

కొన్ని మాటలు పనిని వర్ణించవు, అవే పని అవుతాయని ఇంగ్లిష్ తత్వవేత్త జె.ఎల్.ఆస్టిన్ వివరించాడు. అందుకే అక్కడ తప్పు దొర్లితే ఊరుకోరు. 2009 జనవరి 20న బరాక్ ఒబామా ప్రమాణం చేస్తుంటే ప్రధాన న్యాయమూర్తి ఒక మాటను చోటు మార్చి పలికాడు. ఎందుకైనా మంచిదని మర్నాడు వైట్‌హౌస్‌లో మళ్లీ చేయించారు. మన దగ్గర ముహూర్తం దాటిందని కంగారుపడే పెద్దమనిషిని చూసి నవ్వేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

అర్థం లేదన్న పండితుడు, అనాది అన్న నమ్మకం

డచ్ పండితుడు ఫ్రిట్స్ స్టాల్ 1975లో కేరళలోని పాంజాల్‌లో నంబూద్రి బ్రాహ్మణులు పన్నెండు రోజులు చేసిన అగ్నిచయనాన్ని, అంటే ఇటుకలతో వేదిక పేర్చి చేసే వైదిక యాగాన్ని, దగ్గరుండి నమోదు చేయించాడు. చివరికి ఆయన తేల్చింది అందరినీ రెచ్చగొట్టింది. తంతుకు నియమాలే ఉంటాయి, అర్థం ఉండదు, ఇటుక ఎందుకు అట్లా పెట్టాలని అడిగితే అట్లా పెట్టాలి కాబట్టి అనే జవాబు వస్తుంది అన్నాడు. ఇది అతి అని చాలామంది పండితులన్నారు, చేసేవాళ్లకు ఉండే భావాన్ని కొట్టిపారేయడం తగదన్నారు. అర్థం లేదనడం కన్నా, అర్థాన్ని ఎవరికి వాళ్లు నింపుకోవడానికి తంతులో చోటు ఉంటుంది అనడం సబబు అనుకుంటాను. పాలకవీడు మండలం జాన్‌పహాడ్ దర్గాకు మొక్కి కన్న బిడ్డకు సైదులు అనో సైదమ్మ అనో పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు నల్లగొండ వైపు ఇంటింటా కనిపిస్తాయి. ఆ పిల్లల పెళ్లిళ్లు పంతులే చేస్తాడు. జపాన్‌లో బిడ్డను షింటో గుడికి తీసుకుపోయిన ఇల్లే, పెళ్లి చర్చి తరహాలో, అంత్యక్రియలు బౌద్ధ పద్ధతిలో చేస్తుంది. మతం ఒకటే అయి ఉండాలన్న పట్టుదల అన్ని చోట్లా ఒకేలా లేదు.

అనాదిగా వస్తోందన్న మాటను కూడా కొంచెం సడలించి పట్టుకోవాలి. బతుకమ్మనే తీసుకోండి. పెత్రమాస నాడు, అంటే పోయిన పెద్దలకు బియ్యం ఇచ్చుకునే రోజున, ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. తంగేడు, గునుగు మన చెలకల్లో పుట్టినవే. బంతి మాత్రం మెక్సికో మొక్క, కొలంబస్ తర్వాతే సముద్రాలు దాటి వచ్చింది. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో పోయినవాళ్లను తలచుకునే పండుగకు ఇదే బంతిపూలతో దారి పరుస్తారు. అక్కడికీ ఇక్కడికీ సంబంధం ఏమీ లేదు, కాకతాళీయమే. కానీ నాలుగైదు వందల ఏళ్ల కింద వచ్చిన పువ్వు లేకుండా బతుకమ్మను ఇప్పుడు ఊహించలేం. రేపు హల్దీ ఫంక్షన్ సంగతీ అంతే కావచ్చు. ఉత్తరాది నుంచి వచ్చిందని పెద్దలు విసుక్కుంటున్నారు, పసుపు దంచే కోట్నం మనకు ఎప్పటి నుంచో ఉందిగా అంటున్నారు. నిజమే. కాకపోతే కోట్నంలో రోకలి పట్టేది ముత్తయిదువలు, హల్దీలో పసుపు పూసేది పెళ్లికూతురి స్నేహితులు. మారింది పసుపు కాదు, ఎవరి చేతికి చోటు దొరికిందన్నది. భర్త పోయిన పిన్ని హల్దీలో నిస్సంకోచంగా పసుపు రాయడం నేను చూశాను, కోట్నంలో ఆమెను పిలిచేవాళ్లు కాదు.

తంతులో ఏది తీసేయొచ్చు, ఏది తీసేయలేం అన్నదానికి 2020 ఒక పరీక్ష పెట్టింది. లాక్‌డౌన్ నియమాల ప్రకారం అంత్యక్రియలకు ఇరవై మందికి మించి ఉండకూడదు. మంత్రాలు ఫోన్లో చెప్పించుకున్నారు, పంతులు వీడియో కాల్‌లో సరేనన్నాడు, ఎవరికీ పెద్ద అభ్యంతరం లేదు. ముస్లింలు, క్రైస్తవులు ప్రార్థనలను ఫోన్ల మీదికి మార్చుకున్నారు. శాస్త్రం వైపున సర్దుబాటు ఇట్లా తేలిగ్గానే జరిగింది. ఆచారం వైపునే కుదరలేదు. పాడె పట్టడం, దినాల నాడు కలిసి తినడం, కండువా కప్పడం, తీసుకుపోయి నిద్ర చేయించడం ఫోన్లో అయ్యేవి కావు. రోగం తగ్గాక కొన్ని ఇళ్లవాళ్లు సంవత్సరీకాన్ని మామూలుకన్నా పెద్దగా పెట్టుకున్నారు. అప్పుడు రాలేకపోయిన చుట్టాలు ఏడాది ఆలస్యంగా బట్టలు పెట్టారు, పెట్టించుకున్నవాళ్లు కాదనలేదు.